సాక్షి లేని సేవ: తెలుగు కథనాల్లో డిమెన్షియా సంరక్షణ – ఎల్బీ నగర్ నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు సాహిత్యంలో వృద్ధసేవ కొత్త వస్తువు కాదు. ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వభాగంలోని ధర్మవ్యాధుడి కథ మొదలుకొని 1957 నాటి ‘పాండురంగ మహాత్మ్యం’ చలనచిత్రం వరకు తల్లిదండ్రుల సేవ పరమధర్మంగా కీర్తన పొందుతూనే ఉంది. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధపు కథల్లో ఈ ధర్మం తప్పిన సంతానం, వృద్ధాశ్రమం, విదేశాలకు వెళ్లిన కొడుకులు పదేపదే కనిపిస్తారు. మొదటిది సేవను కీర్తించే కథనం, రెండవది సేవాలోపాన్ని నిందించే కథనం. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెండూ ఒకే పునాదిపై నిలిచి ఉన్నాయి. రెండింటిలోనూ వృద్ధులకు తమ బిడ్డలెవరో తెలుసు. చేసిన సేవ తెలుసు, చేయని సేవ కూడా తెలుసు. ఆశీర్వదించడానికైనా కన్నీరు పెట్టుకోవడానికైనా ఆ ఎరుక ఉండాలి. అంటే తెలుగు సేవాకథనంలో వృద్ధులు సేవను అందుకొనేవారు మాత్రమే కారు, ఆ సేవకు సాక్షులు కూడా.

డిమెన్షియా ఈ పునాదిని కదిలిస్తుంది. అన్నం తిన్న గంటకే తనకు ఎవరూ అన్నం పెట్టలేదని తల్లి ఇరుగుపొరుగు వారితో చెప్పవచ్చు. రోజూ ఒళ్లు తుడిచి బట్టలు మార్చే కోడలే తన నగలు దొంగిలించిందని అనుమానించవచ్చు. కన్నకొడుకును చూసి ఎవరు నువ్వని అడగవచ్చు. ఇక్కడ సేవ ఉంది, సాక్షి లేడు. కొన్ని సందర్భాల్లో సాక్షే ప్రతికూల సాక్ష్యం చెబుతాడు. 2023లో ప్రచురితమైన జాతీయస్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు, ఆపైబడిన వారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. స్త్రీలలో పురుషులకంటే, గ్రామాల్లో పట్టణాలకంటే దీని నిష్పత్తి ఎక్కువ. ఇంత పెద్ద జీవితానుభవాన్ని చెప్పడానికి తెలుగు కథనసంప్రదాయం వద్ద ఉన్న సాధనాలు సరిపోతాయా అనేది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. పరిశీలనకు హైదరాబాదు తూర్పు భాగంలోని ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ పరిసరాలను నేపథ్యంగా తీసుకోవడానికి కారణం ఉంది. పల్లెలో పుట్టి పెరిగిన తరం, నగరంలో ఉద్యోగాలు చేసే తరం ఒకే ఫ్లాటులో కలిసి బతుకుతున్న ప్రాంతం ఇది. గ్రామీణ వార్ధక్యం నగర సంరక్షణను ఎదుర్కొనే చోటు కూడా ఇదే.

పేరులోని చిక్కు

ఒక అనుభవానికి భాష ఇచ్చే పేరు ఆ అనుభవాన్ని ఎవరు, ఎప్పుడు గుర్తిస్తారో నిర్ణయిస్తుంది. డిమెన్షియా తొలిదశకు తెలుగు ఇళ్లలో వినిపించే మాట ‘చాదస్తం’. ఛందస్సు అంటే వేదం. వేదాధ్యయనపరుడు ఛాందసుడు. కాలక్రమంలో ఆ మాట లోకజ్ఞానం లేని పండితుడికి, ఆపైన చెప్పిందే చెప్పే ముసలివారికి అన్వయించింది. ఒక విద్యాపద్ధతిలో గుణంగా ఉన్న పునరుక్తి, జనవ్యవహారంలో వయసుతో వచ్చే దోషంగా మారిపోయింది. ఈ అర్థవిపరిణామానికి ఆచరణలో ఫలితం ఉంది. ఒకే ప్రశ్నను పదిసార్లు అడిగే తండ్రిని ‘చాదస్తం’ అనగానే అది స్వభావమైపోతుంది. స్వభావాన్ని భరిస్తారు, విసుక్కుంటారు. వైద్యుడి దగ్గరికి తీసుకుపోరు. పొరుగుభాషల్లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. హిందీలోని ‘సఠియానా’ అనే క్రియ అరవై అనే సంఖ్య నుంచే పుట్టింది. అరవయ్యేళ్లకు బుద్ధి తడబడుతుందనే సామెత కన్నడంలో ఉంది. వ్యాధిని వయసు ఖాతాలో వేయడం ఈ మాటలన్నిటి సమానలక్షణం.

దీనికి ఎదురుగా శాస్త్రపరిభాష ఉంది. నిఘంటువులు, పత్రికలు డిమెన్షియాకు ‘చిత్తవైకల్యం’ అనే సమాసాన్ని వాడుతున్నాయి. అది స్వభావాన్ని వ్యాధిగా మార్చిన మాట నిజమే కాని, మనిషి మొత్తాన్ని లోపంగా చూపే మాట కూడా. మూలమైన లాటిను పదానికీ మనసు లేకపోవడమనే అర్థమే ఉంది. మూర్ఖత్వాన్ని సూచించే ‘చిహో’ అనే పాతమాటను జపాను ప్రభుత్వం 2004లో తొలగించి, ఎరుకకు సంబంధించిన వ్యాధి అనే అర్థం వచ్చే ‘నిన్చిషో’ను అధికారికంగా ప్రవేశపెట్టింది. పేరు మార్పు ఒక దేశపు ఆరోగ్యవిధానంలో భాగం కాగలిగింది. తెలుగులో ఈ చర్చ భాషాశాస్త్ర విభాగాల్లోనైనా జరగవలసినంతగా జరగలేదు.

చాదస్తానికీ చిత్తవైకల్యానికీ మధ్య తెలంగాణ వాడుకలో మరొక పదసంపద ఉంది: యాది, సోయి, ఆనవాలు. ఫారసీ నుంచి వచ్చిన ‘యాది’ తెలంగాణ తెలుగులో ఎంత లోతుగా పాతుకుందో సామల సదాశివ తన జ్ఞాపకాల గ్రంథానికి ‘యాది’ అనే పేరే పెట్టుకోవడం చెబుతుంది. ‘జ్ఞాపకశక్తి’ వ్యక్తి తలలో ఉండే శక్తి. ‘యాది’ ఇద్దరి మధ్య జరిగే పని. ‘అమ్మ నిన్ను యాది చేస్తున్నది’ అన్నప్పుడు అందులో తలపు, బెంగ, పిలుపు మూడూ ఉన్నాయి. ‘జర యాది చెయ్యి’ అనడంలో తన మరుపును ఎదుటివారికి అప్పగించడం ఉంది. ఒకరి యాదిని మరొకరు మోయగలరనే భావన ఈ పలుకుబడిలోనే నిక్షిప్తమై ఉంది. మనిషితనం ఒంటరి బుద్ధిలో ఉండదనీ, చుట్టూ ఉన్నవారు ఇచ్చే గుర్తింపులో నిలుస్తుందనీ టామ్ కిట్‌వుడ్ 1997లో ‘డిమెన్షియా రీకన్సిడర్డ్’ గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆ భావనకు దగ్గరి తెలుగు పర్యాయం చిత్తవైకల్యంలో దొరకదు, యాదిలో దొరుకుతుంది.

నిరాకరించినవారి నిశితదృష్టి

మన ప్రాచీనకథనాలు వార్ధక్యంలోని బుద్ధినాశాన్ని ఎరగవని అనుకోవడం పొరపాటు. వ్యాసభారతం ఆదిపర్వంలోని యయాతి వృత్తాంతం దీనికి నిదర్శనం. శుక్రుడి శాపంతో ముసలితనం పైబడిన యయాతి దానిని తీసుకొని యౌవనం ఇమ్మని కొడుకులను వరుసగా అడుగుతాడు. యదువు శరీరశైథిల్యాన్ని, ఆశ్రితులే చులకన చేసే స్థితిని చెబుతాడు. జర బలాన్ని, రూపాన్ని మాత్రమే కాక బుద్ధిని కూడా హరిస్తుందని తుర్వసుడు అంటాడు. మాట తడబడడాన్ని ద్రుహ్యుడు ప్రస్తావిస్తాడు. వేళ కాని వేళ పసివాడిలా, శుచి లేకుండా తినడాన్ని అనువు గుర్తుచేస్తాడు. ఈ నాలుగు నిరాకరణలను కలిపి చదివితే బుద్ధిమాంద్యం, వాగ్భంగం, కాలస్పృహ కోల్పోవడం, పరిశుభ్రత తప్పడం, సాంఘిక అగౌరవం వరుసగా కనిపిస్తాయి. నేటి వైద్యుడు కుటుంబసభ్యులను అడిగి రాసుకొనే వివరాలకు ఇవి ఎంతో దగ్గరివి.

గమనించవలసిన విషయం ఏమిటంటే, ఈ వివరాలన్నీ నిరాకరించినవారి నోటనే వస్తాయి. అంగీకరించిన పూరువు మారు మాట లేకుండా తండ్రి ఆజ్ఞను తలదాలుస్తాడు. జర ఎలా ఉంటుందో అతడు వర్ణించడు. దానితో గడిపిన సంవత్సరాలు ఎలా గడిచాయో కథ కూడా చెప్పదు. వార్ధక్యాన్ని నిశితంగా చూసినవారు దానిని మోయలేదు, మోసినవాడు దాని గురించి మాట్లాడలేదు. కథ పూరువుకు రాజ్యాన్ని, అన్నలకు శాపాన్ని ఇచ్చి ముగుస్తుంది. పూరువు త్యాగానికి ప్రతిఫలం సాధ్యమైంది కూడా యయాతి ఆ మాటను గుర్తుంచుకున్నాడు కాబట్టే. రుణం తీరాలంటే రుణగ్రస్తుడికి అది గుర్తుండాలి.

ధర్మవ్యాధుడి కథలో ఈ సూత్రం మరింత స్పష్టం. మిథిలలో మాంసం అమ్ముకొని బతికే అతడు తల్లిదండ్రులే తన దైవాలని చెప్పి, తపస్వి అయిన కౌశికుడికి వారిని చూపిస్తాడు. తల్లిదండ్రులు కొడుకును నోరారా దీవిస్తారు. వారి దీవెన లేకపోతే కౌశికుడికి ఆ సేవ విలువ తెలిసే మార్గం లేదు. పుండరీకుడి కథలో తల్లిదండ్రుల సేవ ముగిసేవరకు దైవమే ఇటుకపై నిలబడి వేచి ఉంటాడు. అక్కడ సాక్షి సాక్షాత్తు భగవంతుడు. భాగవతం తృతీయస్కంధంలో కపిలుడు దేవహూతికి చేసిన బోధలో దీనికి విలోమచిత్రం ఉంది. సంపాదన ఉడిగిన వృద్ధుణ్ణి ఇంటివారు పనికిరాని ముసలి ఎద్దులా చూస్తారు. అతడు ఇంటి కుక్కలా విసిరింది తిని బతుకుతాడు. ఈ వర్ణన లక్ష్యం వైరాగ్యబోధ. కుటుంబం కృతఘ్నమైనదని వృద్ధుడి పక్షాన చెప్పడమే దాని ఉద్దేశం. ఆ ఇంట్లో రాత్రంతా మేలుకొని ఉన్నవారు ఎవరైనా ఉన్నారేమో ఈ కథనం అడగదు, అడగవలసిన అవసరమూ దానికి లేదు. సంప్రదాయం ఇచ్చిన రెండు పాత్రలు ఆదర్శపుత్రుడు, కృతఘ్న కుటుంబం. అలసిపోయిన సంరక్షకురాలికి ఈ రెండింటి నడుమ చోటు దొరకలేదు.

ఆధునిక కథనం: మమకారం, అలంకారం

ఆధునిక తెలుగు కథల్లో వృద్ధదాంపత్యాన్ని అత్యంత ఆత్మీయంగా చిత్రించిన రచనగా శ్రీరమణ ‘మిథునం’ ప్రసిద్ధం. ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లో దీనిని మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’గా, తనికెళ్ల భరణి 2012లో తెలుగులో చలనచిత్రంగా మలిచారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి దంపతుల లోకం తోట, పెరడు, వంట, రుచులు. ఈ కథను సాధారణంగా దాంపత్యమాధుర్యానికి ఉదాహరణగా చదువుతారు. సంరక్షణ దృష్టితో చదివితే దాని ముగింపు మరొక అర్థం ఇస్తుంది. అప్పదాసు ముందుగా కన్నుమూస్తాడు. బుచ్చిలక్ష్మి కోరుకున్న క్రమం కూడా అదే. తాను ముందు పోతే ఆయన్ను చూసేవారు లేరన్నదే ఆమె చింత. ముత్తైదువుగా పోవాలని స్త్రీ కోరుకోవడమే ఆదర్శంగా ఉన్న సంస్కృతిలో ఇది చిన్న తిరుగుబాటు కాదు. సంరక్షకురాలి తర్కం సుమంగళి ఆదర్శాన్ని తలకిందులు చేసింది. వైధవ్యం ఇక్కడ దురదృష్టం కాదు, అప్పగించిన పని పూర్తిచేసిన స్థితి. తెలుగు కథలో సంరక్షకురాలు తన సొంత గొంతుతో మాట్లాడిన అరుదైన సందర్భమిది.

అయితే ‘మిథునం’లో ఇద్దరి మతీ స్థిరంగా ఉంది. అప్పదాసుకు ప్రతి రుచీ గుర్తే. పొగడ్తకైనా పోట్లాటకైనా ఎదుటి మనిషి ఉన్నాడు. ఆ రుచులు, ఆ పేర్లు మరిచిపోయిన అప్పదాసుతో బుచ్చిలక్ష్మి ఎలా బతికేదో అనేది కథ పరిధికి వెలుపలి ప్రశ్న. దానిని రచనలోని లోపంగా చెప్పడం న్యాయం కాదు. ఆ ప్రశ్న దగ్గర మొదలయ్యే కథలు తరువాత ఎన్ని వచ్చాయన్నది మాత్రం విమర్శకు సంబంధించిన విషయం.

మరుపును తెలుగు సినిమా ఎక్కువగా హాస్యానికే వాడుకుంది. 2015లో వచ్చిన ‘భలే భలే మగాడివోయ్’లో కథానాయకుడి మరుపు నవ్వులకు ఇంధనం. అదే సంవత్సరం మణిరత్నం తమిళచిత్రం తెలుగులో ‘ఓకే బంగారం’గా వచ్చింది. ఆల్జీమర్స్‌తో ఉన్న గాయని భవాని, ఆమెను కనిపెట్టుకొని ఉండే భర్త గణపతి పాత్రలు ఆ చిత్రానికి ఆర్ద్రతను ఇచ్చాయి. గణపతి భార్యను సరిదిద్దడు, కసరడు. ఆమె లోకంలోకి తానే వెళతాడు. పురుషుణ్ణి సంరక్షకుడిగా గౌరవంతో చూపిన చిత్రణగా ఇది విలువైనది. కాని కథానిర్మాణంలో భవాని వ్యాధి చేసే పని వేరు. ఆమె ఇంటినుంచి తప్పిపోతుంది, యువజంట వానలో వెదుకుతుంది, ఆ వెదుకులాటలో పెళ్లి నిర్ణయం జరుగుతుంది. వృద్ధురాలి దారితప్పడం యువప్రేమను దారిలో పెట్టే సాధనమైంది. గణపతి నిద్రలేని రాత్రులు తెరకు అవసరం కాలేదు.

పొరుగుభాషల చిత్రాలతో పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. హేమంత్ ఎం. రావు కన్నడచిత్రం ‘గోధి బణ్ణ సాధారణ మైకట్టు’ (2016)లోనూ తండ్రి తప్పిపోతాడు. వెదుకులాట కొడుకును అతడి తండ్రి దగ్గరికే చేరుస్తుంది. సుమిత్రా భావే, సునీల్ సుఖ్‌తణ్‌కర్ మరాఠీచిత్రం ‘అస్తు’లో దారితప్పిన సంస్కృత పండితుణ్ణి ఒక మావటి భార్య పసిబిడ్డలా సాకుతుంది. అతడు ఎవరో ఆమెకు తెలియదు, ఆమె ఎవరో అతడికి తెలియదు. రుణం, రక్తసంబంధం, గుర్తింపు ఏవీ లేకుండా సంరక్షణ సాధ్యమని చెప్పడం ఆ చిత్రం సాధించిన విజయం. అదే సమయంలో పండితుడి కుమార్తె అలసట, కోపం, అపరాధభావం కూడా తెరపై దాగలేదు. సాక్షి లేని సేవను కథగా నిర్మించవచ్చుననడానికి ‘అస్తు’ ఒక ఆధారం.

‘ఇంటికి పోత’: ఎల్బీ నగర్ వాక్యం

లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద వెలసిన ఎల్బీ నగర్ 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసేవరకు ప్రత్యేక పురపాలక సంఘం. విజయవాడ జాతీయరహదారి, నాగార్జునసాగర్ రోడ్డు నగరాన్ని తాకే కూడలి ఇది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వెళ్లే బస్సులు ఇక్కడ ఆగి జనాన్ని ఎక్కించుకుంటాయి. ఆ జిల్లాల నుంచి చదువులకు, కొలువులకు వచ్చినవారు కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురం కాలనీల్లో స్థిరపడి, పొలం పనులు ఉడిగిన తల్లిదండ్రులను తెచ్చుకున్నారు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీ నగర్ మెట్రోమార్గం ప్రారంభమైంది. దశాబ్దాలపాటు ఊరిజనానికి ఆనవాలుగా ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలిపోయింది. ఆ స్థలం ఆసుపత్రి నిర్మాణానికి వెళ్లింది. మతి స్థిరంగా ఉన్నవారికే గుర్తులు చెదిరే వేగమిది. గుర్తులనే ఊతగా చేసుకొని నడిచే వృద్ధులకు అది ఇంకా కఠినం.

ఈ నేపథ్యంలో డిమెన్షియా సంరక్షకులందరికీ పరిచితమైన ఒక వాక్యాన్ని పరిశీలించవచ్చు: ‘నేను ఇంటికి పోత’. సొంత ఇంట్లో కూర్చొని ఇంటికి పోతానని అనడం ప్రపంచమంతటా ఈ వ్యాధిలో కనిపించే లక్షణమే. ఇటీవలి జ్ఞాపకాలు ముందు, పాతవి చివర చెరుగుతాయని ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో 1881లోనే సూత్రీకరించాడు. ఫ్లాటు ఇటీవలిది, ఊరి పెంకుటిల్లు పాతది. కాబట్టి మొదటిది చెరిగి రెండవది మిగులుతుంది. నాలుగో అంతస్తు గుమ్మంలో చెప్పులు వెదుకుతూ ఈ మాట అనే వృద్ధురాలికి ‘ఇదే మన ఇల్లు’ అనే సమాధానం సత్యమే అయినా పనిచేయదు.

భారతీయ అలంకారశాస్త్రం ఇక్కడ అనూహ్యంగా ఉపయోగపడుతుంది. సూర్యుడు అస్తమించాడనే ఒక్క వాక్యం వినేవారిని బట్టి వేర్వేరు అర్థాలను స్ఫురింపజేస్తుందని ఆలంకారికులు ఉదాహరణగా చెప్పారు. వ్యంగ్యార్థస్ఫూర్తికి వక్త, శ్రోత, స్వరం, సందర్భం, దేశం, కాలం మొదలైన వాటి విశేషాలు కారణమని మమ్మటుడు వివరించాడు. ‘ఇంటికి పోత’ అనే వాక్యాన్ని అభిధలోనే ఆపితే అది తప్పు, సరిదిద్దాలి. వ్యంజనలో వింటే అది భయం కావచ్చు, ఆకలి కావచ్చు, దీపాలు పెట్టే వేళ పశువులు కొట్టానికి వచ్చే జ్ఞాపకం కావచ్చు. చెప్పుకోలేని నొప్పి, మూత్రంలో మంట కావడానికీ అవకాశముంది. దానిని వైద్యపరంగా చూడవలసే ఉంటుంది. ఈ వాక్యంలో వక్త అభిప్రాయం నిశ్చయంగా తెలియదు కాబట్టి అర్థభారం దాదాపు పూర్తిగా శ్రోతపై పడుతుంది. సంరక్షకురాలు సహృదయ పాఠకురాలి స్థానంలోకి వస్తుంది. సరిదిద్దకుండా వారి భావానికి స్పందించమని నవోమీ ఫెయిల్ తన వాలిడేషన్ పద్ధతిలో చెప్పినదీ ఇదే. ‘పోదాం తియ్, ఇంత బువ్వ తిని పోదాం’ అనే సమాధానాన్ని తెలుగు ఇల్లు ఏ శిక్షణా లేకుండానే కనిపెట్టింది.

సంబోధన విషయంలోనూ తెలుగు ఇలాంటి వెసులుబాటును ఇస్తుంది. తల్లి కూతురిని ‘అమ్మా’ అని, తండ్రి కొడుకును ‘నాయనా’ అని పిలవడం తెలుగువారికి సహజం. డిమెన్షియాతో ఉన్న తల్లి కూతురిని తన కన్నతల్లిగా భావించి ‘అవ్వా’ అని పిలిచినప్పుడు అది పొరపాటో గారాబమో విడదీసి చెప్పలేము, చెప్పనవసరమూ లేదు. కూతురు ‘ఆఁ బిడ్డా’ అని పలకవచ్చు. గుర్తింపు పోయినచోట కూడా బంధువాచకం సంబంధాన్ని నిలిపి ఉంచుతుంది. అనువాదంలో ఈ సౌలభ్యం పోతుంది. ఈ అంశాన్ని గ్రహించిన కథకులకు దొరికే నాటకీయత తక్కువది కాదు.

పరీక్షాపత్రంలో తెలుగు

సంరక్షణతో తెలుగు భాషకున్న సంబంధం సాహిత్యానికే పరిమితం కాదు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ జ్ఞాపకశక్తి క్లినిక్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చింది. వారిలో 391 మంది ఒకటికంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఏకభాషులతో పోలిస్తే వీరిలో వ్యాధిలక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురాని ద్విభాషుల్లోనూ ఈ తేడా కనిపించడం ముఖ్యం. పాశ్చాత్యదేశాల్లో ద్విభాషులు చాలావరకు వలసవచ్చినవారు కావడంతో భాష ప్రభావాన్ని వలస ప్రభావం నుంచి వేరుచేయడం కష్టమయ్యేది. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు వీధుల్లోనే కలిసిపోయే హైదరాబాదు ఆ చిక్కును తొలగించింది. ఇది క్లినిక్‌కు వచ్చినవారి అధ్యయనం. బహుభాషాజ్ఞానం వ్యాధిని ఆపుతుందని అది చెప్పలేదు. లక్షణాలు బయటపడడం ఆలస్యమైందని మాత్రమే చెప్పింది. మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ బజార్లలో బేరమాడుతూ రెండు మూడు భాషలు నేర్చిన నిరక్షరాస్యుల భాషాసంపదను విద్యగా లెక్కించని విశ్వవిద్యాలయాలకు ఇందులో ఒక పాఠం ఉంది.

రోగనిర్ధారణ పరీక్షలదీ భాషాసమస్యే. భారతీయ వైద్య పరిశోధనామండలి రూపొందించిన నాడీ-మానసిక పరీక్షాసంపుటి హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళాలతోపాటు తెలుగులోనూ సిద్ధమైంది. తేదీ ఎంత, వాక్యం రాయండి, వందలోంచి ఏడు తీసివేయండి వంటి ప్రశ్నలు బడికి వెళ్లిన మనిషిని ఊహించుకొని తయారైనవి. పండుగలతో, పంటలతో, తిథులతో కాలాన్ని కొలిచే స్త్రీని తేదీ అడిగితే ఆమె తెలియదని చెప్పడం వ్యాధిలక్షణం కాదు. ఏ మాండలికంలో అడిగితే ఏ జవాబు వస్తుందో, ఏ పదం ఎవరికి పరిచితమో తేల్చే పనిలో తెలుగు శాఖలకు వైద్యులతో సమానమైన అర్హత ఉంది.

కనిపించని సంరక్షకురాలు

అమెరికన్ మానవశాస్త్రవేత్త లారెన్స్ కోహెన్ వారణాసిలో చేసిన క్షేత్రపరిశోధన ఆధారంగా 1998లో ‘నో ఏజింగ్ ఇన్ ఇండియా’ అనే గ్రంథం వెలువరించాడు. భారతదేశంలో వృద్ధుల మతి తప్పడాన్ని మెదడుకు వచ్చిన వ్యాధిగా కాక కుటుంబం చెడిపోయిందనడానికి గుర్తుగా చదువుతున్నారని అందులో ఆయన చూపాడు. సేవ సరిగా అంది ఉంటే ముసలివారు ఇలా మాట్లాడరనే నమ్మకం దీనికి మూలం. తెలుగు కథలోని కృతఘ్న కుటుంబచిత్రణ ఈ నమ్మకానికి సాహిత్యరూపం. తనకు అన్నం పెట్టలేదని అత్త మెట్ల మీద కూర్చొని చెబితే అపార్టుమెంటు నమ్మేది ఆమెనే. కోడలి మాట నమ్మరు. వ్యాధి పలికించిన వాక్యానికి కథనసంప్రదాయం ప్రామాణ్యం ఇస్తుంది. ఇక్కడ సాహిత్యం నిర్దోషి కాదు.

చట్టంలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) సంతానమనే నిర్వచనంలో కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలిని చేర్చింది. కోడలు అందులో లేదు. 2019లో ప్రవేశపెట్టిన సవరణబిల్లు కోడలిని, అల్లుడిని చేర్చాలని ప్రతిపాదించింది, అదీ బాధ్యులుగానే. పోషణ చేయనివారిని శిక్షించే భాష చట్టానికి ఉంది. చేస్తున్నవారికి విశ్రాంతి కల్పించే భాష లేదు. తెలంగాణలో 2017లో మొదలై ఆ తరువాత దేశమంతటికీ విస్తరించిన 14567 వృద్ధుల సహాయవాణి వంటి ఏర్పాట్లు ఈ లోటును కొంత పూడ్చుతున్నాయి. కాని సంరక్షకురాలు తన అలసటను చెప్పుకోవడానికి ముందు అది చెప్పదగిన మాటేనని ఆమెకు తెలియాలి. బతికి ఉన్న మనిషినే కోల్పోతున్న దుఃఖాన్ని పౌలీన్ బాస్ ‘సందిగ్ధ నష్టం’ అనే అర్థంలో నిర్వచించింది. కర్మ చేయడానికి వీలులేని ఈ దుఃఖానికి తెలుగులో పేరూ లేదు, తంతూ లేదు. ‘విసుగొస్తోంది’ అనే మాట ఆదర్శకోడలి సంభాషణలో ఇప్పటికీ నిషిద్ధమే.

ముగింపు

తెలుగు సేవాకథనం సాక్షిపై ఆధారపడి నిర్మితమైంది. డిమెన్షియా ఆ సాక్షిని తొలగించినప్పుడు సేవకు మిగిలే అర్థం ఏమిటనే ప్రశ్నకు ఆ కథనం వద్ద సమాధానం లేదు. భాష వద్ద మాత్రం కొంత ఉంది. యాదిని పంచుకొనే పలుకుబడిలో, తల్లిని బిడ్డగా బిడ్డను తల్లిగా పిలవగల సంబోధనలో, వ్యంజనను వినగల సహృదయతలో ఆ సమాధానపు మూలకాలు కనిపిస్తాయి. సాహిత్యం భాషకంటే వెనకబడి ఉన్న సందర్భమిది.

ఈ వస్తువుపై వచ్చే రచనలను అంచనా వేయడానికి విమర్శ కరుణరసపరిపాకాన్ని మాత్రమే కొలమానంగా తీసుకోరాదు. మతి తప్పిన మనిషి మాటకు రచన అర్థాన్ని మిగిల్చిందా, లేక హాస్యానికో కన్నీటికో వాడుకుందా? సంరక్షకురాలిని దేవతగానో దోషిగానో కాక మనిషిగా చూసిందా? వృద్ధుల వ్యాధి వారి జీవితంలో భాగంగా ఉందా, ఇతరుల కథను నడిపే సాధనంగా ఉందా? ఈ ప్రశ్నలు వేస్తే చాలా ప్రసిద్ధరచనల స్థానం మారవచ్చు. యయాతి కథలో నలుగురు కొడుకులు చెప్పిన జరావర్ణన మనకు ఉంది. పూరువు చెప్పవలసిన భాగం ఇంకా రాయలేదు. దానిని రాయగలవారు నేడు ఎల్బీ నగర్ వంటి చోట్ల ఉన్నారు. వారిలో ఎక్కువమంది కొడుకులు కారు, కూతుళ్లు, కోడళ్లు, భార్యలు.